చిన్ని అడిగిన ప్రశ్నకు జవాబు

చిన్నీ, బాబీ,

"డయాలసిస్ మొదలుపెట్టారుగా, ఇంకెన్నాళ్లు బతుకుతావు తాతయ్యా?" అని మొన్న చిన్ని అడగగానే మీ అమ్మ కసురుకుంది. నాకేమీ కోపం రాలేదు. మొదటి రోజు డాక్టరుగారిని నేనూ అదే అడిగాను.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి జల్లెడలు సుమారు 10 లక్షలుంటాయి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి ఒక్కొక్కటే పాడైపోతాయి. చాలాకాలం నొప్పీ ఉండదు, బాధా ఉండదు. అదే మోసం. ఏటా మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోమంటే "నాకేం, రాయిలా ఉన్నాను" అంటూ తిరిగాను. ఆ తప్పు నాదే.

డయాలసిస్ అంటే కిడ్నీలకు బదులు మిషనుతో రక్తాన్ని శుభ్రం చేయడం. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు ఆ మిషను. బాబీ, లెక్క చూడు: వారానికి 168 గంటలు. కిడ్నీలు ఆ గంటలన్నీ పనిచేస్తాయి, మిషను చేసేది పన్నెండే. అందుకే సీసా మీద గీత పెట్టి, నీళ్లు కొలుచుకుని తాగుతున్నాను. ఆవకాయ మానింది కూడా అందుకే: ఉప్పు తింటే దాహం, తాగితే ఆ నీరు బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

ఒక వింత చెప్పనా? కిడ్నీలు పాడయ్యాక నా ఇన్సులిన్ మోతాదు తగ్గించారు. "షుగరు తగ్గిందటగా!" అని పక్కింటాయన అభినందించాడు కూడా. తగ్గడం కాదు. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే కిడ్నీలు పడుకున్నాయి కాబట్టి అది ఎక్కువసేపు నిలుస్తోంది. ఉన్నట్టుండి చక్కెర పడిపోవచ్చు. మీ నాయనమ్మ నా చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం పెట్టేది అందుకే.

ఇక నీ ప్రశ్న, చిన్నీ. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో షుగరు ఉన్నవాళ్లు సగటున తక్కువ కాలం బతుకుతారు. ఎక్కువగా గుండె, రక్తనాళాలు దెబ్బతినడం వల్ల. ఇది దాచను. కానీ సగటు అనేది గుంపు లెక్క, నా జాతకం కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో క్లైడ్ షీల్డ్స్ అనే ఆయనకు డయాలసిస్ మొదలుపెట్టారు. ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. ఆ రోజుల్లో నాలాంటి షుగరు రోగులనైతే సాధారణంగా మిషను దాకా రానిచ్చేవారు కారు. నేను వెళ్లి పడుకోగలుగుతున్నాను.

మిషను రోజు సాయంత్రం పిండి ఆరేసిన పంచెలా ఉంటాను, మాట్లాడించవద్దు. మర్నాటికి లేచి పెరట్లో బెండ మొక్కల దగ్గర తిరుగుతుంటాను. షుగరు వల్ల స్పర్శ తగ్గి, పాదాలకు చిన్న గీరు తగిలినా నాకు తెలియదు కాబట్టి రోజూ మీ నాయనమ్మ అరికాళ్లు చూస్తుంది, నేను సిగ్గుపడతాను.

ఈసారి శనివారం రండి. ఆదివారానికల్లా రెండు రోజుల నీరు చేరి ఒళ్లు బరువెక్కుతుంది. ఎడమ చేతి మణికట్టు పైన, మిషను సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట వేలు పెట్టి చూడనిస్తాను. లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ చెయ్యి పట్టి మాత్రం లాగకండి. మీ నాన్నతో కొబ్బరిబొండాలు తేవద్దని చెప్పండి, వాటిలోని పొటాషియం నా గుండెకు పడదు. చదరంగం బల్ల తెండి.

మీ తాతయ్య