ఖాళీ చేసి చార్జింగ్ పెట్టమన్నది ఎవరు?

కొత్త లాప్‌టాప్ పెట్టె విప్పగానే చుట్టూ ఇద్దరు సలహాదారులు తయారవుతారు. వయసులో పెద్దాయన, "మొదటిరోజు రాత్రంతా చార్జింగ్‌లో ఉంచు, ఆ తర్వాత పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టు" అంటారు. చిన్నవాడు, "ఎనభై శాతం దాటనివ్వకు" అంటాడు. ఇద్దరి గొంతులోనూ ఒకే ధీమా. చిత్రమేమిటంటే పెద్దాయన చెప్పిందీ అబద్ధం కాదు. ఆయన ఇప్పుడు ఆ పెట్టెలో లేని బ్యాటరీ గురించి మాట్లాడుతున్నారు, అంతే.

ఆ బ్యాటరీ నికెల్ కాడ్మియం. 1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ దాన్ని కనిపెట్టాడు. కంప్యూటర్లను వెంట తీసుకెళ్లాలన్న కోరిక పుట్టేనాటికి, మళ్లీ మళ్లీ నింపుకోగలిగే చిన్న బ్యాటరీల్లో నమ్మకమైనది అదే. మొదట్లో బ్యాటరీ సంగతే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్ బరువు సుమారు 11 కిలోలు, గోడలో ప్లగ్గు దొరికితేనే పనిచేసేది. మోయడం వరకే స్వేచ్ఛ. ఆ వెనకే వచ్చిన ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 నికెల్ కాడ్మియంతో నడిచింది. పెద్దాయన సలహాకు వేళ్లు అక్కడున్నాయి.

నికెల్ కాడ్మియానికి 'మెమరీ ఎఫెక్ట్' అనే పేరుమోసిన జబ్బు ఉంది. దాని కథ ఉపగ్రహాల దగ్గర మొదలవుతుంది. ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లిన ప్రతిసారీ బ్యాటరీ దాదాపు ఒకే మేరకు ఖర్చయ్యేది, ఎండలోకి రాగానే నిండేది. ఇలా వందలసార్లు జరిగాక, ఎప్పుడైనా ఆ మేరకు మించి వాడబోతే వోల్టేజి జారిపోయేది. బ్యాటరీ తన అలవాటును గుర్తుపెట్టుకుందన్నారు. అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేసి నింపితే మళ్లీ దారికొచ్చేది. మామూలు మనిషి వాడకం ఉపగ్రహం తిరిగినంత లెక్కగా ఉండదు కాబట్టి, అసలైన మెమరీ ఎఫెక్ట్ ఇళ్లలో అరుదే. అతిగా చార్జ్ కావడం వల్ల వచ్చే నీరసాన్ని కూడా జనం ఆ పేరుతోనే పిలిచారు. పేరు నిలిచిపోయింది, దాంతోపాటు మందూ నిలిచిపోయింది. 'రాత్రంతా' అన్న మాటకూ కారణం ఉంది. ఆ బ్యాటరీలను నెమ్మదిగా నింపే పద్ధతిలో మొదటి చార్జింగ్‌కు 14 నుంచి 16 గంటలు పట్టేది.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది. దాని వెనక శాస్త్రవేత్తలు విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినోల కృషి ఉంది. 2019లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1990లు ముగిసేసరికి లాప్‌టాప్‌లు చాలావరకు ఇటువైపు వచ్చేశాయి. బ్యాటరీ మారింది. సలహా మాత్రం మారలేదు.

లిథియం అయాన్‌కు చెప్పుకోదగ్గ మెమరీ ఎఫెక్ట్ లేదు. దానికి పడనివి రెండు, నిండుదనం, వేడి. సాధారణ సెల్ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజి 4.2 దాకా చేరుతుంది. ఆ ఎత్తులో ఎక్కువకాలం ఉంటే లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్లతో చర్య జరుపుతూ మెల్లగా పాడవుతుంది, వేడి తోడైతే మరింత వేగంగా. పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి పడి ఉండటమూ దానికి చేటే. వోల్టేజి మరీ కిందికి పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, ఆ సెల్‌ను తిరిగి చార్జ్ చేయడం ప్రమాదం. అందుకే రక్షణ సర్క్యూట్ ముందే కరెంటు కట్ చేస్తుంది. అంటే ఒకప్పుడు చికిత్సగా చేసిన పని ఇప్పుడు అరుగుదల పెంచే పనిగా మారింది.

పాత సలహాలో ఒక్క ముక్క మాత్రం ఇంకా పనికొస్తుంది. తెర మీద కనిపించే శాతం నేరుగా కొలిచింది కాదు, లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన కరెంటును లెక్కగట్టి వేసిన అంచనా. రోజులు గడిచేకొద్దీ ఆ లెక్క తప్పుతుంది. ఎప్పుడో ఒకసారి పూర్తిగా దించి నింపితే సరిపడుతుంది. బాగుపడేది లెక్క మాత్రమే, బ్యాటరీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మరి ఎనభై ఎక్కడిది? ఒకప్పుడు లాప్‌టాప్ అడుగున రెండు కొక్కేలు జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. రోజంతా బల్ల దగ్గర పనిచేసేవారు దాన్ని తీసి పక్కన పెట్టేసేవారు. 2008 తర్వాత సన్నటి యంత్రాల పోటీలో బ్యాటరీ లోపలే బిగుసుకుపోయింది. ఇక ప్లగ్గులోనే ఉండే లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడూ నిండుగా, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. దానికి పడని రెండూ ఒకేచోట కలిశాయి. చేత్తో తీసే వీలు పోయాక ఆ పని సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లలో చార్జింగ్‌ను ఒక హద్దు దగ్గర ఆపే ఏర్పాటు ముందునుంచే ఉండేది. ఆపిల్ 2020లో మాక్ లాప్‌టాప్‌లకు బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే అమరికను తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీల సెట్టింగుల్లో ఇలాంటిది ఏదో ఒక పేరుతో దొరుకుతుంది. ఎనభైలో మహిమేమీ లేదు. నిండుదనానికీ వాడుకకూ మధ్య కుదిరిన రాజీ అది. రోజంతా బయట తిరిగేవారు నూరు దాకా నింపుకోవడమే మేలు. బ్యాటరీని కాపాడటం కోసం లాప్‌టాప్ కొనుక్కోం కదా.

పవర్ సెట్టింగుల మెనూలోనూ పాతకాలపు పొరలు కనిపిస్తాయి. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి కరెంటు వాడకాన్ని అదుపు చేసే ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. ఎప్పుడు నిద్రపోవాలో అందులో ఎక్కువగా బయాస్, అంటే యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రాం, నిర్ణయించేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియకుండానే యంత్రం కునుకు తీయడం, లేవలేకపోవడం అప్పట్లో మామూలు. 1996 డిసెంబరులో తోషిబా కూడా చేరి దాని స్థానంలో ఏసీపీఐ అనే పద్ధతి వచ్చింది, పగ్గాలు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చాయి. పని వివరాలు మెమరీలో ఉంచి మిగతావన్నీ ఆపేస్తే స్లీప్, వాటిని డిస్క్‌లోకి రాసి కరెంటు మొత్తం ఆపేస్తే హైబర్నేట్. స్క్రీన్ సేవర్ ఇంకా పాతది. ఒకే బొమ్మ కదలకుండా ఉంటే గాజు గొట్టపు తెర మీద మచ్చ పడేది. ఎల్‌సీడీ తెరలు వచ్చాక ఆ భయం పోయింది, ఓఎల్‌ఈడీ తెరలతో కాస్త తిరిగి వచ్చింది.

స్లీప్ అన్న మాటకు అర్థం కూడా ఈమధ్య మారింది. 2012లో విండోస్ 8తో మొదలైన పద్ధతి ఇప్పుడు మోడర్న్ స్టాండ్‌బై పేరుతో చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఉంది. ఫోనులాగా తెర మాత్రమే ఆరుతుంది, లోపల కొన్ని పనులు సాగుతూనే ఉండవచ్చు. చాలా యంత్రాలలో పాత గాఢనిద్ర ఎంపికే తీసేశారు. నాకిది ముందు తెలియలేదు. ఒకసారి మూత వేసి సంచిలో పెట్టిన లాప్‌టాప్‌ను రెండు గంటల తర్వాత తీస్తే అప్పుడే దింపిన అట్లపెనంలా ఉంది, బ్యాటరీ సగానికి పైగా ఖాళీ. బ్యాటరీకి వేడి పడదని ఊరందరికీ చెప్పే నేను, దాన్ని ఊపిరాడని సంచిలో ఉడకబెట్టాను. ఆ సాయంత్రమే సెట్టింగుల్లో 'మూత వేసినప్పుడు' అన్న చోట స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టాను. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది. సంచి మాత్రం చల్లగా ఉంటోంది.