కలరా వచ్చిందని చెప్పాలంటే దేశాలకు ఎందుకంత జంకు?

1991 జనవరిలో పెరూ తీరంలోని చాంకాయ్, చింబోతె పట్టణాల్లో కలరా బయటపడింది. దక్షిణ అమెరికా ఆ జబ్బును చూసి దాదాపు వందేళ్లయింది. పెరూ దాచలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పేసింది. చెప్పినందుకు మిగిలింది నష్టమే. చాలా దేశాలు పెరూ చేపలు, ఇతర ఆహార సరుకులు కొనడం ఆపేశాయి. టూరిస్టులు తగ్గారు. పచ్చి చేపను నిమ్మరసంలో నానబెట్టి చేసే సెవిచే తినొద్దని ఆరోగ్యశాఖ మొత్తుకుంటుంటే, చేపల వ్యాపారం మునిగిపోతోందని అధ్యక్షుడు ఫుజిమోరి టీవీ కెమెరాల ముందే తిని చూపించారు! ఆ ఏడాది అక్కడ 3 లక్షలకు పైగా కేసులు, 2,900 దాకా మరణాలు.

కలరా కబురుకూ వ్యాపారానికీ ఈ ముడి పాతదే. 1851లో కలరా భయంతో పారిస్‌లో 12 దేశాలు కూర్చుంటే, రోగుల కన్నా ఓడల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాయి. 1865 హజ్ యాత్రలో కలరా ప్రబలి యూరప్ దాకా పాకడంతో, మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్ సదస్సు జబ్బు పుట్టిల్లు ఇండియానే అని తేల్చింది. క్వారంటైన్ పెడితే సరుకు రవాణా దెబ్బతింటుందని బ్రిటన్ మొండికేసింది. 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తాలో రోగుల పేగుల నుంచి సూక్ష్మజీవిని పట్టి చూపించినా, బ్రిటిష్ ప్రభుత్వం పంపిన వైద్యులు ఒప్పుకోలేదు.

1969 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు కలరా కేసు తెలిసిన 24 గంటల్లో కబురు పెట్టాలన్నాయి. పెరూ గతి చూశాక ఎవరు పెడతారు? 2005లో వాటిని తిరగరాశారు. పత్రికా వార్తల వంటి అనధికార సమాచారం ఆధారంగా కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని వివరణ అడగొచ్చు. నా దృష్టిలో అసలైన మలుపు ఇదే. అయినా 2016–17లో ఇథియోపియా, సూడాన్ ‘తీవ్ర నీళ్ల విరేచనాలు’ అంటూ నెట్టుకొచ్చాయి. మన పేపర్లలోనూ ముందు కనబడేది ‘డయేరియా’నే. మలం నమూనాను ల్యాబ్‌లో కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూడడం) గానీ పీసీఆర్ పరీక్ష గానీ చేస్తే తప్ప కలరా అని ఖాయం కాదు, కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది.

అందుకే పేద దేశాలకు టీకాలు సమకూర్చే గవీ కూటమి, నిమిషాల్లో ఫలితమిచ్చే ర్యాపిడ్ కిట్లను కలరా బెడద ఎక్కువున్న దేశాలకు 2024లో పంపడం మొదలుపెట్టింది. 2023లో 45 దేశాలు చెప్పిన కేసులు 5.35 లక్షలు. పరిశోధకుల అంచనా మాత్రం ఏటా 13 నుంచి 40 లక్షలు.