‘ఆయ్’ అనే గొంతు

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే కోనసీమలో అందరి నోటా అదే మాట. మొన్న బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కగానే నా ముందు సీట్లో పెద్దాయన, “ఇదిగో, నీరు చూశావా?” అన్నాడు. భార్య కిటికీలోంచి తొంగి చూసి, “ఆయ్, బాగా వచ్చేసిందండి” అంది. పక్క సీట్లో కొత్త దంపతులు. ఆ అమ్మాయి కూడా అదే నీటిని చూపించింది. కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఆమె రెండోసారి చూపించలేదు.

కాపురం చెడిందంటే మనం పెద్ద కారణాలే వెతుకుతాం. డబ్బు, అత్తగారు, ఇంకొకరితో స్నేహం. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ మాత్రం ‘నీరు చూశావా’ లాంటి చిల్లర పిలుపులను లెక్కపెట్టాడు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇల్లులాంటి ప్రయోగశాల ఏర్పాటు చేసి, కొత్తగా పెళ్లైన జంటలను అందులో ఉంచి, కెమెరాలతో గమనించారు. ఆరేళ్ల తర్వాత ఆరా తీస్తే, అప్పటికీ కలిసి ఉన్నవాళ్లు ఆ రోజున సగటున నూటికి 86 పిలుపులకు పలికారు. విడిపోయినవాళ్లు 33 పిలుపులకే.

దీన్ని జాతకంలా చదవకూడదు. పలకకపోవడం వల్ల ప్రేమ తగ్గిందా, ప్రేమ తగ్గాకే పలకడం మానేశారా అన్నది ఈ లెక్క తేల్చదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నా అనుమానం.

పోట్లాటలంటారా, నిలిచిన జంటలూ పోట్లాడుకుంటారు. కాకపోతే ఆ పోట్లాటలో కూడా ఒక చెడ్డ ముక్కకి ఐదు మంచి ముక్కలుంటాయి. గాట్‌మన్ అన్నిటికన్నా ప్రమాదమన్నది తృణీకారాన్ని. ఇక్కడే మా వాళ్లకి చిక్కు. వెటకారం మాకు గోదారి నీళ్లతోనే వచ్చిందంటారు. పులుసు మాడితే “ఎక్కడ నేర్చావే ఈ వంట!” అని ఇద్దరూ నవ్వుకుంటే అది సరసం (పులస పులుసైతే, ఆ ఖరీదుకి నవ్వు రావడం కష్టమే). అదే మాట చుట్టాల ముందు మూతి విరిచి అంటే, ఎదుటి మనిషిని మెట్టు కిందకి దించేసినట్టే.

ఇక గొడవ మధ్యలో తువ్వాలు భుజాన వేసుకుని సెంటర్‌కి పోయే మొగుడు. భార్యకి బండరాయిలా కనిపిస్తాడు. లోపల మాత్రం గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటూ ఉండొచ్చు. ఆ టెన్షన్‌లో ఏ మాటా బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు ఆగి, మళ్లీ కూర్చోమంటాడు గాట్‌మన్. టీ తాగి రావడంలో తప్పు లేదు. మనవాళ్లు తిరిగొచ్చి “అన్నం పెట్టు” అంటారు, అంతే.

విడిపోవడం ఒకరి మనసులో రహస్యంగా మొదలవుతుందని 1986లో సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ రాసింది. పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు తాపీగా ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆ తాపీ మనిషిది రాతిగుండె అనేస్తాం. ఆ మనిషి ఏడుపు ఎప్పుడో, పెరట్లో గిన్నెలు తోముకుంటూనో, కొబ్బరితోటకి నీళ్లు కట్టుకుంటూనో, ఇంట్లో ఎవరికీ తెలియకుండా అయిపోయి ఉంటుంది.