పేషెంట్‌తో మాట్లాడటం నేర్పాలా? నర్సింగ్ బోధనలో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంజెక్షన్ చేయడం "పోనుపోను నీకే వచ్చేస్తుందిలే" అని ఏ నర్సింగ్ టీచరూ విద్యార్థిని వార్డుకి పంపరు. మాట్లాడటం విషయంలో మాత్రం చాలామందిమి అదే చేస్తాం. మాటలో జరిగిన పొరపాటు కూడా తప్పు డోసు ఇచ్చినంత పని చేస్తుంది. అందుకే దాన్ని సమస్య ఆధారిత బోధనతో, అంటే పీబీఎల్‌తో నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: మృదువుగా మాట్లాడితే చాలు, అదే మంచి కమ్యూనికేషన్.

మృదుత్వం కావాల్సిందే. కానీ "మీరు ఫలానా వారే కదా?" అని ఎంత మృదువుగా అడిగినా, చెవులు సరిగా వినపడని మనిషి, మగతలో ఉన్న మనిషి "ఊఁ" అనేస్తారు. "మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, చేతి బ్యాండ్‌తో సరిచూసుకోవడం భద్రత. "అర్థమైందా?" అన్న ప్రశ్న కూడా అంతే, దానికి అందరూ అవుననే అంటారు. దానికి బదులు "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికెళ్ళాక ఇన్సులిన్ ఎలా తీసుకుంటారో ఒకసారి చెప్పండి" అనాలి. దీన్నే టీచ్‌బ్యాక్ అంటారు. ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే బయటపడుతుంది.

అపోహ: ముందు థియరీ అంతా చెప్పాలి, ఆ తర్వాతే సమస్య ఇవ్వాలి.

పీబీఎల్‌లో వరుస తిరగబడుతుంది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులతో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ సూత్రం ఒకటే: సమస్య ముందు, చదువు తర్వాత. ఎందుకు చదవాలో తెలిశాక చదివింది తలకెక్కుతుంది.

నేను ఇచ్చే సమస్య ఒకటి చెప్తాను. మోకాలి ఆపరేషన్ అయిన మర్నాడు ఉదయం. నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నారు. రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చిన అప్పగింత ఒక్క మాట: "రాత్రంతా బాగా నిద్రపోయారు." ఇప్పుడు పిలిస్తే కళ్ళు తెరిచి, మళ్ళీ మూసేస్తున్నారు. కాగితం మీద ఇంతే ఉంటుంది. శ్వాస ఎంతుందని ఎవరైనా అడిగితేనే చెప్తాను: నిమిషానికి 9 (ఉండాల్సిన దానికంటే తక్కువ).

అప్పుడు డాక్టరుకి ఫోన్ చేయమంటాను. మొదటిసారి దాదాపు అందరూ ఇలాగే చేస్తారు: "సార్, పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు, ఒకసారి చూస్తారా?" డాక్టరు పాత్రలో ఉన్న విద్యార్థి "రౌండ్స్‌లో చూస్తాలే" అంటాడు. గ్రూపు ఒక్కసారిగా మౌనమైపోతుంది. ఆ మౌనంలోంచే ప్రశ్నలు పుడతాయి: ఏం చెప్పి ఉంటే ఆయన వెంటనే వచ్చేవారు?

ఎస్‌బార్ గురించి, అంటే రోగి సంగతిని నాలుగు భాగాలుగా చెప్పే పద్ధతి గురించి, వెతికి చదువుకొచ్చాక అదే ఫోన్ ఇలా మారుతుంది: "సార్, ఆర్థో వార్డు నుంచి నర్స్‌ని. ఫలానా పేషెంట్ శ్వాస నిమిషానికి 9, పిలిస్తే తప్ప కళ్ళు తెరవడం లేదు. నిన్న మోకాలి ఆపరేషన్ అయింది, మార్ఫిన్ మీద ఉన్నారు. మార్ఫిన్ ఎక్కువైందని నా అనుమానం. మార్ఫిన్ ఆపాను, పక్కనే నర్స్ ఉన్నారు, నలోక్సోన్ సిద్ధం చేస్తున్నాం. మీరు ఇప్పుడే రావాలి." (నలోక్సోన్ అంటే మార్ఫిన్‌కి విరుగుడు మందు.) పరిస్థితి, నేపథ్యం, అంచనా, కావాల్సింది: నాలుగూ ఉన్నాయి. అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి ఇది.

ఫోన్‌లో ఆర్డర్ తీసుకుంటే రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి కాబట్టి "వన్ ఫైవ్" అని అంకెలు విడివిడిగా పలకాలి.

అపోహ: పీబీఎల్ అంటే టీచర్‌కి పని ఉండదు.

పాఠం చెప్పడం కంటే కష్టం. జవాబు తెలిసి కూడా నోరు మూసుకుని, సరైన చోట "అది నీకెలా తెలుసు?" అని అడగాలి. మాట్లాడని విద్యార్థిని కలుపుకోవాలి. ఎనిమిది, పదిమందికి మించిన గ్రూపులో అది కుదరదు. రోల్‌ప్లే అయ్యాక చర్చకి సమయం లేకపోతే ఆ రోజు రోల్‌ప్లే పెట్టకపోవడమే మేలు. తప్పు చేసిన విద్యార్థి ఏమీ నేర్చుకోకుండా సిగ్గుతో ఇంటికెళ్తుంది.

అపోహ: జూనియర్ నర్సు సీనియర్‌ని ప్రశ్నించకూడదు.

రోగి ప్రాణం దగ్గర సీనియారిటీ లేదు. అయితే "ధైర్యంగా మాట్లాడు" అని చెప్తే ధైర్యం రాదు, నోటికి మాటలు అలవాటు కావాలి. మెట్లు మెట్లుగా ప్రాక్టీస్ చేయిస్తాను: "నాకు ఆందోళనగా ఉంది సార్", "ఇది నాకు సరిగ్గా అనిపించడం లేదు", "ఇది పేషెంట్‌కి ప్రమాదం, దయచేసి ఆపండి". ఒకసారి చెప్తే పట్టించుకోకపోతే రెండోసారి చెప్పాలి, అప్పటికీ వినకపోతే పై అధికారికి చెప్పాలి. మూడో వాక్యం పైకి అనడానికి కొందరికి చాలా క్లాసులు పడుతుంది. పట్టనివ్వండి.

అపోహ: దీన్ని పరీక్షలో కొలవలేం.

రాతపరీక్షలో కొలవలేం, నిజమే. ఓఎస్‌సీఈ స్టేషన్‌లో, అంటే విద్యార్థి పని చేసి చూపిస్తుంటే చెక్‌లిస్టుతో మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్షలో, కొలవచ్చు. నా చెక్‌లిస్టులో ఉండేవి: తన పేరు చెప్పిందా, రెండు ఆధారాలతో రోగిని గుర్తించిందా, అలర్జీ అడిగిందా, రోగి మాటని మధ్యలో తుంచకుండా విందా, చెప్పినదాన్ని తిరిగి చెప్పించిందా. నవ్వుతూ మాట్లాడినందుకు విడిగా మార్కులు ఉండవు.