క్రాన్‌లో లైను రాసేస్తే సరిపోదండీ: లాగ్ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కొన్ని వెబ్‌సైట్ల సర్వర్లు నేను చూసుకుంటాను. రొయ్యలవాళ్లవి, కొబ్బరి వ్యాపారులవి, ఒకటి రెండు కాలేజీలవి. ఎవరెప్పుడు ఏ పేజీ చూశారో సర్వర్ వరుసగా రాసుకునే ఫైలే లాగ్. అది చదివి ఎంతమంది చూశారో లెక్క తీయడానికి అన్నిటికీ ఏడబ్ల్యూస్టాట్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. పెర్ల్‌లో రాసిన పాత సరుకే, కానీ నమ్మకంగా పనిచేస్తుంది. చెప్పిన టైముకి కమాండ్‌ని తనంతట తానే నడిపే క్రాన్‌లో లైను రాసి ఆటో అప్‌డేట్ పెట్టాక, ఇక దాని జోలికి పోనక్కర్లేదనుకుంటేనే వస్తుంది తంటా.

అపోహ: అప్‌డేట్ ఎంత తరచుగా నడిపితే లెక్క అంత కచ్చితం.

వాస్తవం: పది నిమిషాలకోసారి నడిపినా, రోజుకోసారి నడిపినా నెలాఖరు లెక్క ఒకటే రావాలి. కిందటిసారి ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతి వరుసలే కలుపుకుంటుంది. లెక్క జారిపోయేది లాగ్ మారే చోట.

పాలకొల్లులో రొయ్యలు కొనే ఆయన ఒకరు రోజూ రాత్రి 11 దాటాక సైటులో కౌంటు రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధరో) పెడతారు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏవండీ, రేటు పెట్టగానే రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. మీ లెక్కలో ఆ టైముకి ఒక్కడూ లేడంటారేంటండీ?" అన్నారు. గంటలవారీ పట్టిక తెరిచాను. 23 దగ్గర సున్నా. నెల వెనక్కి వెళ్లినా సున్నాయే. అప్‌డేట్ సరిగ్గా 11కి నడుస్తోంది, లాగ్‌రొటేట్ 12కి పాత ఫైలుని పక్కన పెట్టి కొత్తది తెరుస్తోంది. మర్నాడు అప్‌డేట్ కొత్త ఫైలే చదువుతుంది. నడిమి గంట ఎవరికీ చెందదు. పెట్టినవాణ్ణి నేనే, తిట్టుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

మందు ఒకటే: లాగ్‌రొటేట్ సెట్టింగులో ప్రీరొటేట్ అనే చోట అప్‌డేట్ కమాండ్ పెట్టడం. ఫైలు మార్చే ముందు అదే చివరిసారి చదివేస్తుంది. డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీగా వేసుకుంటే ఈ ఏర్పాటు దానితోనే వస్తుంది. నాలాగా చేత్తో ఎక్కించిన తెలివైనవాళ్లకే ఈ తిప్పలు.

అపోహ: తప్పిపోయిన లాగ్‌ని తర్వాత చదివించొచ్చు.

వాస్తవం: ఇదివరకు చదివినదానికంటే పాత తేదీ వరుసలు వస్తే వదిలేస్తుంది. దీనివల్లే ఒకటే ఫైలు రెండుసార్లు చదివించినా లెక్క రెట్టింపవదు. కానీ మధ్యలో పోయిన రోజుని ఇరికించడం కుదరదు. ఆ నెల నుంచి ఇప్పటిదాకా ఉన్న డేటా ఫైళ్లు తీసేసి, లాగులన్నీ తేదీల వరసలో మళ్లీ చదివించాలి. తీసేసే ముందు ఆ నెల మొదటి తారీఖు లాగ్ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. రొటేషన్ 14 రోజులవే ఉంచుతుంటే, ఉన్న లెక్క కూడా పోతుంది. నేనైతే మూడు నెలలవి కుదించి దాస్తాను.

అపోహ: చేత్తో నడిస్తే క్రాన్‌లోనూ నడుస్తుంది.

వాస్తవం: మీరు రూట్‌గా, అంటే అన్ని అనుమతులూ ఉన్న యూజర్‌గా నడిపారు, క్రాన్ వేరే యూజర్‌తో నడుపుతోంది. ఆ యూజర్‌కి వెబ్ సర్వర్ అపాచీ లాగ్ చదివే అనుమతి లేకపోతే లెక్క కదలదు. క్రాన్‌కి తెలిసిన పాత్, అంటే కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా కూడా చాలా చిన్నది, పెర్ల్‌కైనా స్క్రిప్టుకైనా పూర్తి దారి రాయాలి. క్రాన్ లైనులో % గుర్తు ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే కమాండ్ అక్కడికే తెగిపోతుంది. తేదీ కమాండ్‌లో % వస్తుంది కాబట్టి, ఫైలు పేరులో తేదీ పెట్టేవాళ్లందరూ ఒకసారి ఇక్కడ పడినవాళ్లే.

అపోహ: కరెంటు పోయినా, వచ్చాక క్రాన్ పాత పని పూర్తిచేస్తుంది.

వాస్తవం: చెయ్యదు. లాగులు బయటి సర్వర్ నుంచి ఆఫీసు సిస్టంలోకి తెచ్చుకుని లెక్క తీసేవాళ్లు, తుఫానుకి రెండు రోజులు సిస్టం ఆగితే ఆ రెండు రోజుల పనీ వదులుకున్నట్టే. రోజువారీ పనికి అనాక్రాన్ వాడండి, లేదా లినక్స్‌లోని సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ ఆన్ చేయండి. తప్పిపోయిన పనిని సిస్టం లేచాక ఇవి నడుపుతాయి.

అపోహ: అర్ధరాత్రి అంటే అర్ధరాత్రే.

వాస్తవం: సర్వర్ గడియారం యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో ఉంటే దాని 12 మనకి తెల్లవారుజామున 5.30. ముందు గడియారం చూడండి.

అపోహ: లెక్కలు చూపే పేజీలోనే అప్‌డేట్ బటన్ పెడితే హాయి.

వాస్తవం: ఆ సౌకర్యం ఉంది, కానీ మొదట్నుంచీ ఆపేసే ఇస్తారు. అలాగే ఉంచండి. 2005లో ఈ సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపంతో బయటివాళ్లు బ్రౌజర్ నుంచే సర్వర్లలో కమాండ్లు నడిపారు. మన ఆటో అప్‌డేట్ లెక్కల్నే తాజా చేస్తుంది, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని కాదు. ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు బటన్ కావాల్సిందేనన్నారు. "అలాగేనండి మాస్టారూ" అని పది నిమిషాలకోసారి నడిచేలా పెట్టి ఊరుకున్నాను. బటన్ మాట మళ్లీ ఎత్తలేదు.