ఫిబ్రవరిలోనే ఎడారి ఎందుకు మండింది?

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందని మన పెద్దల మాట. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. గుజరాత్‌లోని కచ్ ఎడారి ప్రాంతంలో ఉన్న భుజ్ పట్టణంలో అంతకు రెండు రోజుల ముందే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. చలి రాత్రులకు పేరుపడిన ఎడారికి శీతకాలం ముగియకముందే అంత వేడి ఎక్కడి నుంచి వచ్చిందని గుంటూరుకు చెందిన ఒక ఇంటర్ విద్యార్థిని అడిగింది.

ఆ వేడిలో పెద్ద భాగం ఆకాశం నుంచి దిగివచ్చింది. శీతకాలంలో వాయవ్య భారతానికి మేఘాలనూ చల్లగాలులనూ తెచ్చే పశ్చిమ అలజడులు ఆ నెలలో బలహీనపడ్డాయి. గుజరాత్ మీద అధిక పీడన మండలం నిలిచింది. అటువంటి మండలంలో గాలి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగేకొద్దీ చుట్టూ ఉన్న పీడనం పెరిగి దానిని నొక్కుతుంది. నొక్కుడు పడిన గాలి, బయటి నుంచి వేడి ఏమీ అందకపోయినా, సైకిల్ పంపులోని గాలిలాగే వేడెక్కుతుంది. ఎంత వేడెక్కుతుందో లెక్క వేయడం కష్టం కాదు. కిలో గాలి వెయ్యి మీటర్లు దిగితే దాని స్థితిశక్తి సుమారు 9,800 జౌళ్లు తగ్గుతుంది, ఆ మేరకు గాలి వేడెక్కుతుంది. కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,005 జౌళ్లు చాలు. భాగిస్తే కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీలు! రెండు కిలోమీటర్ల ఎత్తున 15 డిగ్రీల వద్ద హాయిగా ఉన్న గాలి నేలను తాకేసరికి 34 డిగ్రీలు దాటుతుంది.

ఇంటర్ భౌతికశాస్త్రంలో దీనినే స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. సిలిండరు, పిస్టన్, ఘాతాంకాల లెక్కలతోనే ఆ పాఠం ముగిసిపోతుంది. తల మీది ఆకాశమంతా ఆ పిస్టనే అని తరగతిలో ఒక్క మాట చెబితే, అకాలపు ఎండను అరిష్టంగానో గ్రహచారంగానో చూసే అలవాటు చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

దిగే గాలి చేసే రెండో పని ఇంకా ముఖ్యమైనది. అందులోని నీటి ఆవిరి పెరగదు కాని, వేడెక్కిన కొద్దీ ఆవిరిని ఇముడ్చుకునే సామర్థ్యం పెరుగుతుంది. పైన 80 శాతం ఉన్న సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి ఇముడ్చుకోగల ఆవిరిలో నిజంగా ఉన్న వాటా, పై ఉదాహరణలో నేల దగ్గరికి వచ్చేసరికి 30 శాతం ప్రాంతానికి పడిపోతుంది. మేఘం పుట్టదు, ఎండకు అడ్డు ఉండదు. ఎడారి నేలలో తడి లేదు కనుక ఆ ఎండ ఆవిరి చేయడానికి ఖర్చు కాక, నేలను కాల్చి, నేల ద్వారా గాలిని కాలుస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి తీసుకునే వేడి, సుమారు 2,400 జౌళ్లు, కిలో గాలిని రెండు డిగ్రీలకు పైగా వేడెక్కించగలదు. కృష్ణా కాలువల కింద నీరు నిలిచిన పొలాలున్న విజయవాడ పరిసరాలకు ఈ రక్షణ కొంత ఉంది, కచ్‌కు లేదు.

ఈ పొడితనమే రాత్రిని చల్లబరుస్తుంది. మేఘాలూ ఆవిరీ లేని ఆకాశం గుండా నేల వేడి పరారుణ కిరణాలుగా సులువుగా వెళ్లిపోతుంది. అందుకే అటువంటి రోజుల్లో పగలు వేసవిలా, తెల్లవారుజాము శీతకాలంలా ఉండడం సాధ్యమే.

దిగే గాలి కొత్తది కాదు. దానికి కింద ఉన్న నేల, సముద్రం, వాతావరణం మునుపటికంటే వేడిగా ఉన్నాయి. ఆ ఫిబ్రవరిలో దేశమంతటి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 నుంచి ఉన్న లెక్కల్లోకెల్లా ఎక్కువగా నమోదైంది. గుంటూరు కల్లాల్లో మిరపకాయలు ఎండడానికి ఫిబ్రవరి పొడి ఎండ కావాలి. గింజ పాలు పోసుకునే దశలో ఉన్న ఉత్తరాది గోధుమకు మాత్రం అదే ఎండ గింజను నిండకుండానే పండిస్తుంది.