విటమిన్‌ డి తగ్గి వైరస్‌ పెరిగిందా, వైరస్‌ వల్లే డి తగ్గిందా?

శ్రీకాకుళంలో ఈ ప్రశ్న మళ్లీ మొదలైంది: కాలేయానికి సోకే హెపటైటిస్‌-బి వైరస్‌ ఉన్నవాళ్లు, దాన్ని అదుపులో ఉంచే టెనోఫోవిర్‌ మాత్ర రోజూ మింగే బదులు, వారానికో 60,000 యూనిట్ల విటమిన్‌ డి పొడిని పాలల్లో కలుపుకుని తాగితే చాలదా? అలా అడిగేవాళ్ల చేతిలో డి అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసిన రిపోర్టు ఉంటుంది. రక్తంలో వైరస్‌ ఎంతుందో చెప్పే వైరస్‌ లోడ్‌ కాగితం మడతపడి వెనకెక్కడో ఉంటుంది.

వైరస్‌ ఎలా సోకుతుందో, టీకా ఎప్పుడొచ్చిందో అందరికీ తెలిసిందే. ఈ వాదనకు మలుపు మాత్రం 2013. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఇంకా మందు మొదలుపెట్టని 203 మంది రోగుల రక్తం పరీక్షించారు. దాదాపు మూడోవంతు మందికి డి మిల్లీలీటరు రక్తంలో 10 నానోగ్రాముల లోపే ఉంది. డి తక్కువున్నవాళ్లలో వైరస్‌ ఎక్కువగా కనిపించింది. రుతువులు మారినకొద్దీ రెండు అంకెలూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కదిలాయి. క్షయ క్రిమిని చంపడానికి మన రక్షణ కణాలు విటమిన్‌ డిని వాడుకుంటాయని అప్పటికే, 2006లో, తేలింది. ఈ రెండూ కలిపి చదివితే డి పెంచితే వైరస్‌ తగ్గుతుందని ఎవరికైనా ఆశ పుడుతుంది.

అయితే ఎండ వల్ల వచ్చినా, పొడి రూపంలో తాగినా డి ముందు కాలేయంలోనే మారాలి. ల్యాబ్‌లో కొలిచేది ఆ మారిన రూపాన్నే. కాలేయం బాగా దెబ్బతింటే ఆ అంకె కూడా పడిపోతుంది. అంటే తక్కువ డి జబ్బుకు కారణమే కానక్కర్లేదు, జబ్బు మిగిల్చిన గుర్తూ కావచ్చు. 2013 నాటి పరిశీలన ఈ చిక్కు విప్పలేదు. తర్వాత మందుతోపాటు డి ఇచ్చి చూసిన పరీక్షల్లోనూ వైరస్‌ మీద నిలకడైన ఫలితం రాలేదు. అందుకే డాక్టర్లు డిని ఎముకల కోసం రాస్తారు, టెనోఫోవిర్‌కు బదులుగా కాదు. వాడుతున్న మాత్రను సొంతంగా ఆపేస్తే వైరస్‌ ఒక్కసారిగా విజృంభించి కాలేయం పూర్తిగా చెడిపోయే ప్రమాదం ఉంది.

మాత్ర వద్దనేవాళ్ల మాటలో ఒకటి మాత్రం కొట్టిపారేయలేం. టెనోఫోవిర్‌లో డైసోప్రాక్సిల్‌ అనే రకం కొందరిలో కిడ్నీలను, ఎముకలను దెబ్బతీస్తుంది. ఇంటింటా కిడ్నీ జబ్బు చూసిన ఉద్దానం మనిషికి ఆ భయం ఉండదా? ఆ భయానికి జవాబు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌ రక్తపరీక్ష. అంకె తేడాగా ఉంటే కిడ్నీలకు తేలికైన మరో రకం, టెనోఫోవిర్‌ అలాఫెనమైడ్‌కు మార్చమని డాక్టర్ని అడగొచ్చు.